ఎంటికల గుంత

అల్ ఖోర్ క్యాంపు ఎనుక,
ఏసీ పైపు కారే మూలకు
శుక్రారం నా కత్తెర కూసుంటది.

కుర్చీ అంటే బోర్లేసిన నూనె డబ్బా.
అద్దం ఎవని ఫోన్ వానిదే.
నేపాలీ నెత్తి, బెంగాలీ నెత్తి, మోర్తాడు నెత్తి,
సిమెంటు పట్టినయి, ఈడు రాకముందే నెరిసినయి,
అన్నీ ఒక్క చీపురుతోనే ఊడ్చి
గుంతల ఏస్త, ఇసుక కప్పుత.
గాలికి లేస్తే ఫోర్మన్ తిడ్తడని, అంతే.

మొన్న యూనివర్సిటీ పిల్ల నూరా వచ్చి
చెంచాతోటి ఆ మన్ను సీసాల పోసుకున్నది.
ఎంటిక గూడ ప్రోటీనే, గుడ్డు లెక్క, అన్నది.
దాన్ని తినే బ్యాక్టీరియా దీంట్లనే ఉన్నయట.
కంటికి ఆనవు. నోరు లేదు.
నోరు లేకుంటే ఎట్ల తింటయి బిడ్డా?
ఉమ్మి లాంటి రసం బయటికి ఇడుస్తయట,
ఎంటిక నాని, కరిగి, చారయినంక
ఒంటితోనే పీల్చుకుంటయట.

నాకు నిద్ర పట్టలే.
పార తీస్కపోయి తవ్విన.
నిరుడు రంజాన్ ముంగట గొరిగినయి
పిడికెడు సుత లేవు.
నల్లటి తడి మన్ను,
నానిన గోనెసంచి వాసన,
దాని కింద సన్నగ, కాలిన గోరు వాసన.

మెస్సుల మాకు వారానికి ఒక గుడ్డు.
వీటికి ముప్పై నెత్తులు.

పొద్దుగాల థాపా వచ్చి డబ్బా మీద కూసున్నడు.
చెవుల కాడ నాలుగు పోగులు, మిగతాదంతా బట్టతల.
"నీది ఏ మూలకు సాలుతదిరా" అని నవ్వి
నా గడ్డం గూడ గొరుక్కొని
గుంతల కలిపిన.