మారేడు కొమ్ములు

బిల్వపత్రి మారేడు కాదు.
దీనికా పేరెందుకొచ్చిందో
ఉదయగిరి బస్టాండులో ఎవర్నడిగినా
ముందొక గ్లాసు తాగి, తర్వాత తెలీదంటారు.

ఇరవై రెండేళ్లు ఈ బండి మీద షర్బత్ పోశాను.
వేరు పైతోలు గీకి, నడిమి పుల్ల లాగేసి,
కండని బెల్లప్పాకంలో ఉడికిస్తే
మే నెల మధ్యాహ్నం కాస్త తల వంచేది.
ఊరగాయ పెట్టుకునేవాళ్లు వేరే వచ్చేవాళ్లు.
మా ఆవిడ బియ్యం డబ్బాలో ఒక ముక్క పడేసేది,
పురుగు మూత దాకా వచ్చి వెనక్కి పోయేది.
బ్యాంకులో వేలిముద్ర వేస్తుంటే
క్యాషియర్ ముక్కెగబీల్చి
"ఐస్‌క్రీమ్ కొట్టు పెట్టావా ఏంది" అన్నాడొకసారి.

వేరు తెచ్చేది తుపాకుల మస్తానమ్మ.
వెలికొండ కింద యానాదుల సంగం.
ఆకు రాల్చిన తీగని
రాళ్ల సందులో గోటితో గిల్లి
పాలచుక్క చూసి, వాసన చూసి
"ఇదే" అనేది. ఇంకో మాట ఉండదు.

మొదట్లో తెచ్చినవి నా ముంజేతి లావు.
తర్వాత బొటనవేలు.
ఆ పైన చిటికెనవేలు.
నేను తక్కెడలో పెట్టేవాణ్ణి, ధర పెంచేవాణ్ణి.
ఒకరోజు అంది:
"మాయమ్మ నడిమి దుంప ముట్టేది కాదు.
పక్కవి రెండు తీసి మన్ను కప్పేది.
నువ్వు కిలోల్లో అడిగినాకే
నడిమిది గూడా పెరికేది నేర్చుకున్నాం."

ఆ మాటకివ్వడానికి
నా గల్లాపెట్టెలో చిల్లర లేదు.

ఆ ఏడు కాయలు తెమ్మన్నాను.
జంటజంటగా, కోడెదూడ కొమ్ముల్లా ఎడంగా ఉన్నాయి.
పగిలితే లోపల పట్టు.
గింజ గింజకీ ఒక తెల్ల కుచ్చు.
ఆత్మకూరు బస్సు వచ్చి ఆగింది,
తలుపు తెరుచుకుంది,
సగం గింజలు టికెట్ లేకుండా ఎక్కేశాయి.

మిగిలినవి నలభై ఒకటి.
ఎర్రమన్ను, ఏటి ఇసక, మాగిన పేడ
నర్సరీ కుర్రాడు చెప్పిన పాళ్లలో కలిపాను.
మొలిచినవి మూడు.
ఒకదాన్ని నేనే చంపాను, రోజూ నీళ్లు పోసి.
"చుట్టమొచ్చినట్టు ఎగబడతావేంది" అంది మస్తానమ్మ.
"అది బండలో బతికేది. కొన్నాళ్లు దాన్ని మరిచిపో."
మరిచిపోవడం ఎట్లాగో నర్సరీ కుర్రాడు చెప్పలేదు.
రెండోది పందికొక్కు పాలైంది.

మూడోది నాలుగో వానాకాలానికి
కంచె దాటి, కరెంటు స్తంభం స్టే వైరు పట్టుకుంది.
ఎదురెదురుగా నున్నటి ఆకులు,
చూసేవాళ్లకి ఉత్త పిచ్చితీగ.
లైన్‌మన్ కత్తి తీస్తే
రెండు నిమ్మసోడాలిచ్చి పంపించాను.
ఇప్పుడు బండి మీద ఉండేది అవే.

నిన్న మస్తానమ్మ గునపంతో వచ్చింది.
మొదలు దగ్గర కాదు, జానెడు పక్కన తవ్వింది.
చెయ్యి లోపలికి పెట్టి తడిమింది,
కళ్లు మాత్రం రోడ్డు మీదున్నాయి.
"ఎన్ని?"
"అయిదు."
ఒకటే కోసి నా చేతిలో పెట్టింది.
మన్ను కప్పి, మడమతో తొక్కి,
పైన ఒక రాయి దొర్లించింది.

వేరు నా బొటనవేలంత.
అలవాటు కొద్దీ తక్కెడ అందుకోబోయాను.
ఆమె తక్కెడ వైపు చూసింది.
బియ్యం డబ్బాలో వేశాను.

స్టే వైరు మీద మొదటి జంట కొమ్ములు,
ఇంకా పచ్చివి.
ఆత్మకూరు బస్సు రోజూ పదింపావుకి.