నాజిల్‌కి పిన్ను పెట్టకూడదు

తెల్లారగట్ల మూడింటికి ఫోను.
జ్ఞానాపురం బేకరీ ఫిలోమినమ్మ.
"ఎల్లాజీ, పొయ్యి ఎర్రబటన్ మీద కూకుంది బాబూ,
నొక్కితే నెగుస్తంది, పది అంకెలెట్టేలోగా పడిపోతంది.
పిండేమో తొట్టి దాటిపోతంది."

స్కూటర్ మీద సంచీ. కాన్వెంట్ జంక్షన్ దాటేసరికి
పోర్టు వైపు నుంచి గాలి.
నాలుక మీద సగం ఉప్పు, సగం బొగ్గు.
నా అన్నదాత ఆ గాలే.
ఆర్నెల్లకోసారి బర్నర్ ఫ్యాను రెక్కల మీద
అది అట్టు పోస్తుంది,
నేను గీకి డబ్బులు తీసుకుంటాను.

లోపల ఈస్టు వాసన మీద డీజిల్ వాసన.
బల్లల నిండా బన్నులు
తడిగుడ్డని పైకి తోస్తున్నాయి.

ముందు ఏదీ విప్పను.
ఆసుపత్రి లాండ్రీ బాయిలర్ దగ్గర
ఎడం చెవి పోగొట్టుకున్న దళాయి మేస్త్రి
మిగిలిన చెవితో నేర్పింది అదే.
బటన్ నొక్కి నిలబడ్డాను.
మోటారు లేచింది. పంపు గొంతు బాగానే ఉంది,
గాలి మింగిన పంపయితే గులకరాళ్లు నమిలేది.
ట్రాన్స్‌ఫార్మర్ చిటచిట. సోలినాయిడ్ టక్కు.
మంట పట్టుకుంది.
పట్టుకుంది గానీ ఓ పక్కకి ఒరిగి,
ముదురు పసుపు, కొసన పొగ.
ఎనిమిది, తొమ్మిది.
చీకటి.

మంట ఉంది. కన్నుకి కనబడలేదు.
ఫొటోసెల్ లాగి చూస్తే
శనగబద్దంత గాజు, నిండా మసి.
మంట కనబడకపోతే నూనె ఆపెయ్యడం దాని పని,
దానికి కనబడినంతే చెప్పింది పాపం.
తుడిచేసి వెళ్లిపోవచ్చు.
వారం నడుస్తుంది, మళ్లీ మూడింటికి ఫోను.

నాజిల్ విప్పాను. వేలి కొసంత ఇత్తడి.
టార్చి కింద తిప్పితే
రంధ్రం అంచున వెంట్రుకంత గీత.
"ఎవరు పొడిచారు?"
ట్రేలు తుడిచే బెనర్జీ
తుడిచిన ట్రేనే మళ్లీ తుడుస్తున్నాడు.
ఫిలోమినమ్మ గొంతు తగ్గించింది.
"నేనే, నాయినా. నిన్న సాయంత్రం.
అమ్మ కిరసనాయిలు స్టవ్వు పిన్ను
మేకుకి ఏలాడతంది కదా అని."

నాకు కోపం రావాల్సింది.
అల్లిపురంలో మా వంటింటి గూట్లోనూ ఉండేది అలాంటిది,
రేకు పిడి, కొసన ముక్కంత తీగ.
రేషన్ క్యూలో ఎండంతా నిలబడి తెచ్చిన నూనె
అన్నం సగం ఉడికాక ఆగిపోతే
అమ్మ పిన్ను తీసేది.
ఒక్క పోటు. బుస్సుమని నీలంగా.
ఆ స్టవ్వు పొడిస్తేనే బతికేది.
దీనికి ఆ సంగతి ఎవరు చెప్పాలి?
ఇది నూనెని మంచులా, గొడుగులా చల్లుతుంది,
అంచున ఒక్క గీత పడినా
గొడుగుకి ఓ ఊచ విరిగినట్టే.

కొత్తది పెట్టాను, అరవై డిగ్రీలది.
ఎలక్ట్రోడ్ల మధ్య మూడు మిల్లీమీటర్లు;
గేజీ ఉంది, అయినా మేస్త్రిలాగే
రెండు రూపాయి బిళ్లలు జత చేసి దూర్చి చూశాను.
ఫిల్టర్ కడిగితే మగ్గునిండా తారు.
ఫ్యాను గీకి, గాలి తలుపు ఓ గీత తెరిచి,
కన్ను ఆఖర్న తుడిచాను, నా చొక్కా కొసతో.

బటన్.
తొమ్మిది. పది. పదకొండు.
బెనర్జీ పైకే లెక్కపెడుతున్నాడు.
ముప్ఫై దాటాక మానేశాడు.
నిమ్మపండు రంగు మంట, నిటారుగా,
సముద్రం కాస్త దూరంగా ఉన్నట్టు హోరు.

"ఆ పిన్ను పారేయనా?"
"మేకునే ఉండనీండమ్మా. దీని దగ్గరికి తేకండి."
నాజిల్‌తో కలిపి పంతొమ్మిది వందల యాభై.
యాభై తగ్గించమంది, తగ్గించాను,
మొదటి వాయి బన్నులు నాలుగు
పేపర్లో చుట్టి చేతిలో పెట్టింది, చెయ్యి కాలింది.

బయట తెల్లారుతోంది. స్కూటర్ స్టార్టవలేదు.
ప్లగ్ విప్పి, చొక్కాకున్న పిన్నీసు తీసి
మసి గీకుతూ
ఆవిడ చూస్తోందేమోనని
ఓసారి వెనక్కి చూశాను.