తనిఖీ దినం

దేవరకొండ బాలసదనంల
ఇయ్యాల దుప్పట్లన్నీ కొత్తయి,
మడతగీతలు ఇంకా చెరగలే.

మున్సిపాలిటీ తరఫున నేను, ఏడో వార్డు.
పప్పు నాలుకకు తగిలించిన. నల్లా తిప్పిన.
మంచాలు లెక్కబెట్టిన: ముప్పై ఒకటి.
పిల్లలు ముప్పై నలుగురు.
"మంచిగున్నరా?"
"మంచిగున్నం మేడం!" ఒక్కటే గొంతు,
పొద్దటి ప్రార్థన లెక్క.

జమ్కు నోరు మెదపలే.
దుప్పటి అంచు ముక్కుకాడ పెట్టుకొని
ఉతకని గంజి వాసన చూస్తున్నది.
పక్కన కూసున్న.
చానాసేపటికి చెవిల చెప్పింది:
"మల్లొస్తే చెప్పకుండ రా."

రిజిస్టర్ల 'సంతృప్తికరం' ముందే రాసిపెట్టిన్రు,
సంతకం ఒక్కటే నాది.

దానిమీద గీత కొట్టి
జమ్కు మాట రాసిన,
జమ్కు పేరు రాయకుండ.
పెన్ను వార్డెన్‌ది.
ఇంకు ఆగి ఆగి పడ్డది.