బూజు కోసం

మూడో సాల్ల చివరి బత్తాయి
ఒక దిక్కు పచ్చగుండంగనె
ఇంకో దిక్కు ఎండింది.
ఆకులు రాలినయ్, కాయలు రాలలే.
ఎండిన కొమ్మనే పట్టుకొని ఏలాడుతున్నయ్.

జానయ్య గడ్డపారతోని మొదలుకాడ తవ్విండు.
వేరు మీది బెరడు తడిగుడ్డ లెక్క
చేతికి ఊడొచ్చింది, పులిసిన వాసన.
"కొట్టేద్దాం" అన్నడు.
పదమూడేండ్ల చెట్టును, గంత అల్కగ.

గుర్రంపోడు బస్సుల పక్కన కూసున్న సైదమ్మ
టిక్కెట్టు చింపుకుంట చెప్పింది:
"మట్టిల రోగానికి
మట్టిల పుట్టిందే మొగుడు."

రేకుల కొట్టం నీడల
తొమ్మిది తట్టల మాగిన పెంటెరువు,
ఒక తట్ట వేపపిండి,
రెండు పొట్లాల ఆకుపచ్చ పొడి.
ట్రైకోడెర్మా అంట, నా నోట్లె తిరగదు.
డెర్మ అని పిలుస్త, పక్కింటి పిల్లను పిలిచినట్టు.
బెల్లం నీళ్ళు చిలకరిచ్చి కలిపిన.
పిడికిట్ల పడితే ముద్ద కావాలె, నీళ్ళు కారద్దు.
పైన గోనెసంచులు.

బూజు మీద పగవట్టిన చేతులివి.
తొక్కు జాడీ అంచుకు తెల్లగ అగుపిస్తే
అత్త జూడకముందే తుడిచి నూనె పోసిన చేతులు.
ఇప్పుడు పొద్దుగాల ఓసారి, పొద్దుమీకి ఓసారి
సంచి అంచు లేపి జూస్తున్న:
రాయే తల్లీ, బూజు రాయే.

నాలుగో నాడు ఏం లేదు.
ఐదో నాడు ఉడుకు,
జరమొచ్చిన పిల్ల నుదురు లెక్క.
ఆరో నాడు జానయ్య నవ్విండు. ఏడో నాడు గూడ.
ఎనిమిదో నాడు సన్నని తెల్లదారాలు,
గట్టుప్పల మగ్గం మీద ఎవరో
దీపం లేకుంట రాత్రంత నేసినట్టు.
తెల్లారి ఆ దారాలకు పచ్చరంగెక్కింది.

తొలకరి తడి ఆరకముందే
పాదు పాదుకు పోసిన,
మొదలుకు కాదు, సన్నవేర్లు పాకేకాడ.
"ఇగ మైలుతుత్తం పోయకు,
మనోళ్ళు చస్తరు" అన్న.
మనోళ్ళు!
నా నోటెంట ఎట్లొచ్చిందో ఆ మాట.

చివరి చెట్టు బతకలే.
అదెప్పుడో దాటిపోయింది.
దాని పక్కది, నేను ఆశ పెట్టుకోనిది,
పుబ్బ కార్తెల రెండు చిగుర్లేసింది.
అది డెర్మ పనో, వానల పనో.
కింద ఎవరు ఎవరిని తిన్నరో
నాకేడ కనవడ్తది.

మొద్దు పీకిన గుంతల
జానయ్య గూడ ఒక తట్ట ఒంపిండు.
నాకు చెప్పలే.
బువ్వ తినంగ
గోర్లల్ల పచ్చ జూసి తెలుసుకున్న.