నాలుగు చుక్కల పేరు

మొదటిసారి ఎక్కించిన నాడు చలికాలం.
దుబాయిల పదకొండో అంతస్తు, తాళ్ల ఉయ్యాల, నడుముకు బెల్టు.
రఫీకుల్ చెప్పిండు, నజ్మా అంటే చుక్క అని.
నెలనెల పైసలు కట్టి చూసే టీవీ కంపెనీ అట,
తీగ లేకుండ ఇంట్లకు సినిమా వస్తదట.

నాకు అరబ్బీ రాదు.
బరువు తెలుసు.
ఇంగ్లీషు అక్షరాలు ఎవనికి వాడే,
ఐదింటికి ఐదు తాళ్లు.
అరబ్బీవి చేతులు పట్టుకొని ఉంటయి,
ఒక్కదాన్నే దించుతనంటే కుదరదు,
ఇంటిల్లిపాది కదలాలె.
చుక్కలు మాత్రం విడిగ వస్తయి.
నాలుగు. నలుపలకలుగ, ఒక్కొక్కటి అన్నం పళ్లెమంత.

రెండేండ్లకు ఆ కంపెనీని ఇంకో కంపెనీ కొన్నది.
పొద్దున కొన్నరు, మాపటికి మాకు ఫోన్.
కొత్త పేరు సమా. ఆకాశమట.
దాంట్ల ఒక్క చుక్క లేదు.
చుక్కను మింగిన ఆకాశం అని నేనంటే
రఫీకుల్ నవ్విండు, చేతిల స్పానర్ జారి
తాడు చివర ఊగింది.
కింద నుంచి బేబిచ్చన్ మలయాళంల తిట్టిండు.

అద్దాల లోపల ఆ దినం కేకు కోస్తున్నరు.
పక్క గదిల ఒకామె
అట్టడబ్బా ఒళ్లె పెట్టుకొని కూసున్నది.
డబ్బాల చిన్న చెట్టు, పాత పేరు అచ్చేసిన కప్పు.
నన్ను చూసి కప్పు ఎత్తి చూపింది.
నేను స్పానర్ ఎత్తి చూపిన.

పాతయి చెత్తల ఏయమన్నరు.
మూడు చుక్కలు ఏసిన.
ఒకటి సోనాపూర్‌ల మా గదికి వచ్చి
ఉడుకు గంజు కింద పీట అయింది.

మరుసటేడు సమా పక్కన ప్లస్ పెట్టమన్నరు,
ఇంకెవలో సగం వాటా కొన్నరట.
ఎర్ర ప్లస్.
దవాఖాన అనుకొని ఒక ముసలాయన టాక్సీ దిగి
డాక్టరు ఎన్నో అంతస్తు అని అడిగిండు.

గంగరాజం ఫోన్‌ల పాస్‌వర్డు పద్నాలుగు మందిది.
ప్లస్ వచ్చినంక సందేశం వచ్చింది:
ఒక్క ఇంటివాళ్లే చూడాలె.
గంగరాజం గదంత కలెజూసిండు,
పద్నాలుగు మంచాలు, ఒకటే ఏసీ, ఒకటే గంజు.
ఇది ఇల్లు కాకుంటె మరేంది అని బటన్ నొక్కిండు.
నెలకు ఇంకో పన్నెండు దిర్హాములు, అన్నది ఫోన్.

వాళ్లు ఎన్నిసార్లు అమ్ముడువోయిండ్రో
గోడకు పడ్డ బోల్టు పొక్కలే లెక్క.
ఒక్క సంతకం, ఒక్క పూట.
నేను వేరే దాంట్లకు పోత, రిలీజ్ కాగితం ఇయ్యున్రి అని
ఆరునెలల సంది గుమ్మం కాడ నిలబడ్డ.
కఫీల్ ఊర్ల లేడు.
కఫీల్ పండుకున్నడు.
కఫీల్ వచ్చే సోమవారం.
కార్డు మీద నర్సింగాన్ని
నార్సిన్ గామ్ అని రెండు ముక్కలు చేసిండ్రు,
కనీసం అదన్న సరిచేయున్రి అంటె
పేరు మార్చుడంటె అల్కటి పని గాదు, అన్నడు గుమస్తా.
కిటికీల నుంచి
పదకొండో అంతస్తు దిక్కు చూసిన.

మొన్న మళ్ల ఫోన్.
సమా ప్లస్ దించాలె.
పాత పేరే మంచిగుండె అన్నరట పైన.
ఆ ముక్క చెప్పినోళ్లకు ఎంత ముట్టిందో విని
బేబిచ్చన్‌కు పట్టపగలు చుక్కలు కనవడ్డయి.

గంజు మసి తోమి నా చుక్కను సంచిల తీసుకపోయిన.
కొత్తయి గుండ్రంగ ఉన్నయి.
పక్కపక్కన పెట్టి చానాసేపు చూసిండు బేబిచ్చన్.
తల అడ్డంగ ఊపిండు.

రాత్రి పాత అడాప్టర్ తీగ కోసి దానికి కలిపిన.
వెలుగుతదనుకోలే.
వెలిగింది, ఒక మూల మాత్రం.
పై మంచం మీదికెళ్లి గంగరాజం:
ఆర్పవయా నర్సింగం, నాలుగింటికి బస్సు.