అందరూ చూశారట

మూడుంబావుకి తీర్పొచ్చింది.
మూడున్నరకి పుళియంతోపులో మా వీధి మొగలో
వెయ్యివాలా ఒకటి పేలింది.
ఎవరు ముట్టించారో తెలీదు,
ఎర్ర కాగితాలు మాత్రం
నా ఇస్త్రీ బండి చక్రాల దాకా ఎగిరొచ్చాయి.

యావజ్జీవం.
ఆ మాట అరవంలో, తెలుగులో, ఉర్దూలో
ఆటో స్టాండు నుంచి మటన్ కొట్టు దాకా చేతులు మారింది.
"ఉరెయ్యాల్సింది" అన్నాడు టీ మాస్టరు, పాలు పొంగించుకుంటూ.
"పద్నాలుగేళ్ళేగా, ఇట్టే తిరిగొస్తాడు" అన్నాడు ఫ్లెక్సీలు కట్టే లూర్దు.
"చేయించినోణ్ణి పట్టుకోమను, చూద్దాం"
ఈ మాట అన్నవాడు వీధి అటూ ఇటూ చూసి
సిగరెట్టు సగంలోనే పడేసి వెళ్ళిపోయాడు.

దీపాలు పెట్టే వేళకి
వీధిలో అందరూ చూసినవాళ్ళే.
"నేను మేడ మీదే ఉన్నా, ఆరిన బట్టలు తీస్తున్నా."
"నాలుగు వేట్లు." "కాదు, ఏడు."
క్యారమ్ బోర్డు ముందు పాయింట్లు చెప్పుకున్నట్టు
లెక్క పెడుతున్నారు.
దేవసగాయం చెప్పు ఏ గుమ్మం ముందు పడిందో కూడా
ఒకడికి గుర్తే.

ఆరేళ్ళ కిందట
ఇన్‌స్పెక్టరు ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని
ఇదే మొగలో కూర్చున్నప్పుడు
ఈ వీధిలో కళ్ళున్న ఇల్లు ఒక్కటీ లేదు.
మేడ మీదావిడ ఆ రోజు ఊళ్ళోనే లేదు.
టీ మాస్టరుకి జ్వరం.
నేనా?
నేను తలొంచుకుని కాలరు రుద్దుతున్నా సార్,
తలెత్తితే గుడ్డ కాలుతుంది, నా పనే అంత.
చెంగయ్య, ఇస్త్రీ, ఏమీ చూడలేదు, అని రాసుకున్నారు.
సంతకం అక్కర్లేదన్నారు.
హమ్మయ్య అనుకున్నాను.

చూసింది ఒక్క పూంగావనం.
పొద్దున్నే ఇడ్లీలమ్మే మనిషి, అరవై దాటిన మనిషి.
కుడి కంట్లో శుక్లం ఉందని
వాళ్ళ వకీలు రెండు గంటలు ఆడుకున్నాడట బోనులో.
"ఆవిరి చూసి ఇడ్లీ ఉడికిందో లేదో
వీధి అవతల్నించి చెప్తాను సామీ,
మనిషెవరో చెప్పలేనా" అందట.
జడ్జీ నవ్వలేదట. రాసుకోమన్నాడట.

ఆ తర్వాత ఆమె దగ్గర కొనడం మానేశాం.
ఎవరూ మానమనలేదు.
నెల తిరక్కుండా గిన్నెలు బోర్లించి
ఎన్నూరు వైపు కూతురింటికి పోయింది.
ఇవాళ టపాకాయలు కాల్చినవాళ్ళలో
ఒక్కరూ ఆమె పేరెత్తలేదు.
నేనూ ఎత్తలేదు.

అరివు నాకు తెలిసినవాడే.
వేలెడంత ఉన్నప్పుడు
మాంజా దారానికి బంక కాచుకుంటానని
నా బొగ్గుల మీద డబ్బా పెట్టేవాడు.
చెయ్యి కాలితే ఊదింది నేనే.
మొలలో కత్తి పెట్టుకోవడం ఎప్పుడు మొదలెట్టాడో
నాకు తెలుసు. చొక్కాలు వదులువి తేవడం మొదలెట్టాడు.

వాడి చెల్లెలు ఈ సాయంత్రం కూడా
రెండు పచ్చ బిందెలతో నీళ్ళ లారీ దగ్గరికొచ్చింది.
వరస తనంతట తనే జరిగి చోటిచ్చింది.
జాలో, అసహ్యమో, భయమో.
ఆమె బిందెలు నింపుకుంది,
నడుమున ఒకటి, చేత ఒకటి,
ఒలకకుండా వెళ్ళింది.

రాత్రి బండి మూస్తూ
అడుగు అర లాగాను.
నీలం గీతల చొక్కా, పాత దినపత్రికలో చుట్టి ఉంది.
"సాయంత్రం పెళ్ళికెళ్ళాలి మామా, మడత నిలబడాలి"
అని ఇచ్చాడు దేవసగాయం.
ఏడాదికోసారి తీసి మళ్ళీ ఇస్త్రీ చేస్తాను.
మడతల దగ్గర గుడ్డ పలచబడింది,
ఇంకోసారి పెట్టె తగిలితే విడిపోయేలా ఉంది.

వాళ్ళమ్మ ఇల్లు ఇక్కణ్ణించి పదమూడు గుమ్మాలు.
వెళ్ళి ఇవ్వొచ్చు.
ఇస్తే తీసుకుంటుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటుంది,
ఆపైన అడుగుతుంది
ఎప్పుడిచ్చాడు చెంగయ్యా,
వాణ్ణి ఆఖర్న ఎప్పుడు చూశావు అని.