పదకొండు నిమిషాలకో రైలు

గ్లాస్గోలో రైలు వంతెన కింద
ఇటుక కమాను గదిలో
నలభై ఒక్క ఏళ్లు టేపు తిప్పినవాణ్ణి.
పైన పదకొండు నిమిషాలకో రైలు.
రైలొస్తే ఆపేవాళ్లం.
కప్పు సున్నం మైకు మీద రాలేది,
పాటగాళ్లు టీ తాగేవాళ్లు.
ఆ టీ దగ్గరే ఒకరి వరస ఇంకొకరికి అంటుకునేది,
పక్కింటి నిప్పు అడిగి తెచ్చుకున్నట్టు.

ఇష్‌బెల్ రూక్ వచ్చిన రాత్రి
ఆమెకు జలుబు.
అరువు గిటారు, ఒక తీగ లేదు.
చివరి చరణంలో గొంతు జీరబోయింది,
సరిగ్గా అప్పుడే నెత్తి మీద పెయిజ్లీ బండి.
నా చెయ్యి మీట దాకా వెళ్లింది.
నొక్కలేదు.
దాన్ని సాహసమని రాశారు తర్వాత.
టేపు అయిపోవచ్చింది, అంతే.
ఇంకొకటి కొనడానికి
ఇద్దరి జేబులు దులిపినా చాలవు.

ఆ జీర, ఆ రైలు
బస్సుల్లో, మంగలి షాపుల్లో,
పెళ్లిళ్లలో, రెండు చావుల్లో విన్నాను.
మరుసటి చలికాలానికి
మంచి గొంతున్న పిల్లలంతా
జలుబు తెచ్చుకుని వచ్చారు.
డూగల్ అనేవాడు
క్లైడ్ ఒడ్డున చొక్కా విప్పి నిలబడి మరీ.
అందరి గిటార్లకూ అయిదే తీగలు.
రైలొచ్చేదాకా ఆగి
రైలొచ్చాక పాడేవాళ్లు.
పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటారు.
నేను కొలిమి దగ్గర పనివాణ్ణి.
గంటకింత అని తీసుకున్నాను.

ఇప్పుడు ఆ చప్పుడు విడిగా అమ్ముతున్నారు.
పట్టాలే లేని ఏ దీవిలోనో
ఒక కుర్రాడు మీట నొక్కితే
మా పెయిజ్లీ బండి వెళుతుంది.
ఎవరూ ఎక్కరు,
ఎక్కడా ఆగదు.

మోరా టెనెంట్ ఆరు తీగల మనిషి.
గోవన్‌లో లాండ్రీ పెట్టుకుంది.
“ఆ పిల్ల మా అందరి నోటి కూడు తీసింది” అంది
దుప్పటి రెండు కొసలు నా చేతికిచ్చి.
నేనేం అనలేదు.
ఒక్కో మడతకూ ఒక్కో అడుగు
దగ్గరికొచ్చాం.
చివరి మడత దగ్గర అంది:
“పాట బాగుంది. అదే నా ఖర్మ.”

ఇరవై ఏళ్లకు ఇష్‌బెల్ ఒకసారి వచ్చింది,
కోటు కూడా విప్పకుండా అడిగింది,
“ఆ రైలు తీసెయ్యగలవా?”
గొంతూ రైలూ ఒకే పట్టా మీద ఉన్నాయి,
ఒకటి తీస్తే రెండోది రాదన్నాను.
నవ్వింది.
కప్పులు కడుగుతూ ఏదో కూనిరాగం తీసింది.
జీర లేదు!
తేటగా, చన్నీళ్లలా ఉంది.
“ఇది ఎవరూ కొనలేదు” అంది.
“రోజూ రాత్రి స్టేజి వెనక
గొంతు గరగరలాడేదాకా అరిచి అరిచి వెళ్లేదాన్ని.
నేనూ నన్ను చూసే
వాత పెట్టుకున్నాను, ఆంగస్.”

పాటకు ఆమె చేటు చేసిందా అని
కుర్ర పరిశోధకులు వచ్చి అడుగుతారు.
నాకేం తెలుసు.
ఆ మీట నొక్కకపోవడం మానేసి ఉంటే
ఆ పాట ఉండేది కాదు.
ఆ పాట లేని ఊళ్లో
నాకూ ఉండాలని లేదు.
పోయిందేమిటంటే చెప్పగలను:
టీ పోయింది.
రైలు కావాలనుకున్నాక
రైలు కోసం ఎవరూ ఆగలేదు.
ఆగనివాళ్లు
పక్కవాడి వరస వినలేదు.

మొన్న బుధవారం ఇఫ్ఫత్ అనే పిల్ల వచ్చింది.
పదహారేళ్లు, స్కూలు టై ఇంకా మెడలోనే.
రూక్ ఎవరో తెలీదు.
రెండో చరణంలో కప్పు అదిరింది.
నా చెయ్యి, పాత అలవాటు, కదల్లేదు.
పిల్లే ఆపేసింది, పైకి చూసి,
“ఏంటండీ ఈ రొద? పోనివ్వండి ముందు.”

కెటిల్ ఎక్కడ పెట్టానో
వెతకడానికి చాలాసేపు పట్టింది.
రెండు కప్పులు దొరికాయి.
ఒకదానికి పిడి లేదు.